పలకని 'హ': ఒక కెనడా తాతయ్య కోసం ఏడాదిన్నర వెతుకులాట

ఒంటారియోలో ఒక చిన్న ఊరి పబ్లిక్ లైబ్రరీలో, స్థానిక చరిత్ర గదిలో నేను పనిచేస్తాను. మాది కోనసీమ. ఇక్కడికొచ్చి పంతొమ్మిదేళ్లయింది. పాత జనగణన కాగితాలు, చర్చి రిజిస్టర్లు, ఓడ ప్రయాణికుల జాబితాలు పట్టుకుని తమ పూర్వీకుల్ని వెతుక్కునేవాళ్లకి దారి చూపించడం నా పని. అలా వచ్చిన కేసుల్లో ఇదొక్కటి పూర్తిగా రాయాలనిపించింది. ఇందులో నేను చేసిన తప్పులు ఈ పనిలోకి దిగిన ఎవరైనా చేసేవే. చిక్కుముడి విప్పడానికి మాత్రం మా అమ్మమ్మ మాటతీరు సాయపడింది.

కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లన్నీ మార్చాను, కొన్ని ఏళ్లు, ఊళ్లు అటూ ఇటూ జరిపాను. ఇంటిపేర్లు కూడా అసలువి కావు. కాకపోతే అసలు పేర్లలో ఏ అక్షరం దగ్గర తేడా వచ్చిందో, నేను పెట్టిన పేర్లలోనూ అక్కడే వచ్చేట్టు చూసుకున్నాను. అది లేకపోతే ఈ కేసు అర్థం కాదు.

నేపథ్యం

ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు. రిటైరైన టీచరు. అమ్మ వైపు తాతయ్య ఎవరో, ఎక్కడివాడో తెలుసుకోవాలని పన్నెండేళ్లుగా వెతుకుతున్నారు. మొదటిరోజు ఒక లావుపాటి ఫైలు, ఒక పాత బిస్కెట్ల రేకుడబ్బా పట్టుకొచ్చారు. డబ్బాలో తాతయ్య వస్తువులు: యుద్ధంలో ఇచ్చిన రెండు పతకాలు, ఒక జేబుకత్తి, పెళ్లి ఫోటో, ఒక పోస్టుకార్డు. కార్డు మీద లండన్‌లోని విక్టోరియా పార్కు చెరువు బొమ్మ. వెనక పెన్సిల్‌తో రెండే వాక్యాలు: అమ్మ అలాగే ఉంది, డాట్ పనిలో చేరింది. కింద సంతకం బదులు 'ఈ' (E) అని ఒకే ఒక్క ఇంగ్లిష్ అక్షరం. పోస్టు ముద్రలో 1920 కనిపిస్తోంది. చిరునామా ఉన్న వైపు సగం తడిసి చెరిగిపోయింది.

"ఇది ఎవరిదో తెలీదు. తాతయ్యకి ఇంగ్లండ్‌లో ఎవరూ లేరుగా, ఏ స్నేహితుడిదో అయ్యుంటుంది" అన్నారావిడ. నేనూ సరేనని కార్డు పక్కన పెట్టేశాను.

ఇంట్లో చెప్పుకునే కథ ఇది. తాతయ్య పేరు ఆల్ఫ్రెడ్ ఆట్కిన్స్. లండన్‌లో పుట్టాడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోయారు. పదేళ్ల వయసులో ఒక్కడే ఓడెక్కి వచ్చాడు. ఒంటారియోలో ఎవరిదో పొలంలో పెరిగాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చాడు. 1920లో పెళ్లి చేసుకున్నాడు, 1968లో పోయాడు. చిన్నతనం గురించి ఎవరైనా అడిగితే కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయేవాడట.

అలా లేచి వెళ్లిపోయే తాతలు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. పదేళ్ల పిల్లాడు ఒక్కడే ఓడలో రావడం, పొలంలో పెరగడం అనగానే ఇక్కడ ఈ పని చేసేవాళ్లకి ముందు తట్టేది 'హోమ్ చిల్డ్రన్'. 1869 నుంచి 1930ల దాకా, ఆ తర్వాత కొద్దికొద్దిగా 1948 వరకు, బ్రిటన్‌లోని అనాథాశ్రమాలు, ధార్మిక సంస్థలు లక్షమందికి పైగా పిల్లల్ని కెనడాకి పంపాయి. 1869లో మారియా రై నయాగరా-ఆన్-ది-లేక్‌కి ఆడపిల్లల్ని తీసుకొచ్చింది, మరుసటి ఏడు ఆనీ మెక్‌ఫర్సన్ తన పిల్లల్ని తెచ్చింది. తర్వాత అందరికంటే ఎక్కువమందిని పంపింది బర్నార్డో సంస్థ. ఆడపిల్లలు పీటర్‌బరోలోని హేజల్‌బ్రే భవనంలో దిగేవారు, మగపిల్లలు టొరంటో మీదుగా పొలాలకి వెళ్లేవారు. చిన్నపిల్లలైతే వాళ్లని ఉంచుకున్న ఇంటికి సంస్థే డబ్బు కట్టేది. కాస్త ఎదిగాక జీతానికి ఒప్పందం రాసి, ఆ జీతంలో ఎక్కువ భాగం పెద్దయ్యేదాకా దాచిపెట్టేది. కొందరికి మంచి ఇళ్లు దొరికాయి. చాలామందికి గొడ్డుచాకిరీ, దెబ్బలు దొరికాయి.

'అనాథ' అనే మాటని మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. ఈ పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో, కొందరికి ఇద్దరూ బతికే ఉన్నారు. తిండి పెట్టలేక, అద్దె కట్టలేక ఆశ్రమంలో చేర్చినవాళ్లే ఎక్కువ. ఇక్కడి స్కూళ్లలో, పొలాల్లో 'హోమ్ బాయ్' అనేది తిట్టు. అందుకే పెద్దయ్యాక పెళ్లాం పిల్లలకి కూడా చెప్పుకోలేదు చాలామంది. 2010లో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్, 2017లో కెనడా హౌస్ ఆఫ్ కామన్స్ క్షమాపణ చెప్పేనాటికి ఆ పిల్లల్లో దాదాపు అందరూ పోయారు. సెప్టెంబర్ 28న వాళ్లని తలుచుకునే రోజు జరుపుతున్నారు. ఆ రోజు మా లైబ్రరీలో కుర్చీలు సరిపోవు.

చిక్కు ఎక్కడ

ఆవిడ ఫైలు తెరిస్తే నాలుగు వందల పేర్ల వంశవృక్షం ఉంది. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతపు ఆట్కిన్స్ కుటుంబం, 1700ల దాకా. ఇదెలా దొరికిందని అడిగితే, ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వృక్షంలో ఆల్ఫ్రెడ్ ఆట్కిన్స్, జననం జనవరి 1895 అని కనిపించిందన్నారు. తాతయ్య సైన్యంలో చేరినప్పుడు చెప్పిన పుట్టినరోజు కూడా జనవరి 1895. పేరు, నెల, ఏడు మూడూ కలిసేసరికి అతికించేశారు. కెంట్ వెళ్లి, ఆ కుటుంబం సమాధుల దగ్గర పూలు కూడా పెట్టి వచ్చారు.

నాకు గుండె బరువెక్కింది. ఎందుకంటే ఆ కెంట్ ఆల్ఫ్రెడ్ 1911 ఇంగ్లండ్ జనగణనలో, పదహారేళ్లవాడిగా తల్లిదండ్రుల ఇంట్లోనే ఉన్నాడు. అదే ఏడాది మన ఆల్ఫ్రెడ్ ఒంటారియో పొలంలో ఉన్నాడు. ఆ సంగతి చెప్పేముందు రెండు రోజులు ఆలోచించాను. మాటలతో చెబితే వాదనలా ఉంటుందని, రెండు జనగణన పేజీలూ ప్రింట్ తీసి ఆవిడ ముందు పక్కపక్కనే పెట్టాను. ఆవిడే చదువుకుని, చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "సరే, మొదట్నుంచి మొదలుపెడదాం" అన్నారు.

నా పద్ధతి ఏమిటంటే, తెలిసిన మనిషి చావు నుంచి వెనక్కి ఒక్కో మెట్టే దిగాలి. పైనున్న ప్రసిద్ధ కుటుంబం నుంచి కిందికి దిగకూడదు. ప్రతి కాగితం దగ్గరా రెండు ప్రశ్నలు: ఈ సంగతి చెప్పింది ఎవరు? వాళ్లకి అది ఎలా తెలుసు?

మరణ ధృవపత్రంలో పుట్టిన ఊరు లండన్ అని ఉంది. చెప్పింది కొడుకు. ఆయనకి తెలిసింది తండ్రి నోట విన్న ఆ ఒక్క మాటే. ఒంటారియోలోనూ ఒక లండన్ ఉంది, దాని పక్కనా థేమ్స్ నదే పారుతుంది. ఇద్దరు దూరపు బంధువులు తమ వృక్షాల్లో ఈయన్ని ఆ లండన్‌లోనే పుట్టించేశారు కూడా. 1920 పెళ్లి రిజిస్టర్‌లో వయసు 23 అని ఉంది, తల్లిదండ్రుల పేర్ల దగ్గర తండ్రి పేరు రాసి తల్లి పేరు ఖాళీ వదిలేశారు. వయసు 23 అంటే పుట్టింది 1897 ప్రాంతం. సైన్యం కాగితం 1895 అంటోంది.

మన తెలుగువాళ్లకి ఇది వింతేమీ కాదు. మా నాన్నగారి పుట్టినరోజు జూలై 1. స్కూల్లో చేర్చిన రోజు మేష్టారు వేసిన తేదీ అది. అసలు తిథి నానమ్మకే తెలుసు. ఉద్యోగం కోసమో, రిటైర్మెంటు కోసమో, సైన్యం కోసమో వయసు జరపడం అన్ని దేశాల్లోనూ ఉంది. 1915లో సైన్యంలో చేరాలంటే పద్దెనిమిదేళ్ల కుర్రాడు రెండేళ్లు కలిపి చెప్పుకోవడం మామూలే. పెళ్లికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. కాబట్టి నేను పెళ్లి రిజిస్టర్ వైపే మొగ్గాను.

కాగితానికో వయసు చెప్పిన ఈ మనిషి ఒక్క విషయం మాత్రం ఎప్పుడూ మార్చలేదు. కెనడా జనగణనలో వలస వచ్చినవాళ్లని ఏ ఏడాది వచ్చారని అడిగేవారు. 1911లో 1907 అని ఉంది. 1921లోనూ 1907. 2023 జూన్‌లో 1931 జనగణన జనానికి తెరిచారు, అందులోనూ 1907. 1911లో ఆ సమాధానం రైతు చెప్పి ఉండొచ్చు, మిగతా రెండుసార్లు ఇంటి యజమాని ఈయనే. అమ్మని వదిలి ఓడెక్కిన ఏడాదిని పిల్లాడు మర్చిపోడు. ఈ కేసులో నేను గట్టిగా పట్టుకున్న మొదటి మేకు అదే.

బెడిసికొట్టినవి

ఒట్టావాలోని లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా దగ్గర హోమ్ చిల్డ్రన్ పేర్ల సూచిక ఉంది. ఓడ జాబితాల్లోంచి వాలంటీర్లు ఏళ్ల తరబడి కూర్చుని ఒక్కో పేరూ రాసి తయారుచేశారు. అందులో ఆల్ఫ్రెడ్ ఆట్కిన్స్ అని వెతికితే ముగ్గురు దొరికారు. ఒకడు మరీ ముందువాడు, ఒకడు మరీ తర్వాతవాడు. మూడోవాడు 1906లో పదకొండేళ్లవాడు. 1907కి ఒక్క ఏడాదే తేడా.

ఇక్కడ నేను తొందరపడ్డాను. అప్పుడే మేకులా పట్టుకున్న 1907ని నా చేతులతోనే వదులు చేశాను. ఓడ శీతాకాలంలో వచ్చి ఉండొచ్చు, ఏడాది అటూ ఇటూ చెప్పి ఉండొచ్చు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పిల్లాణ్ణి పంపిన సంస్థ పాత ఫైళ్లు ఇప్పటికీ ఇంగ్లండ్‌లో ఉన్నాయి. ఆవిడ చేత దరఖాస్తు పెట్టించి, ఫీజు కట్టించాను. నాలుగు నెలల తర్వాత ఫైలు వచ్చింది. ఆ ఆల్ఫ్రెడ్ 1912లో తిరిగి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. మనవాడు కాదు.

డబ్బు పోవడం కంటే ఆ నాలుగు నెలలూ ఆవిడ పెట్టుకున్న ఆశ నన్ను ఎక్కువ బాధపెట్టింది. దరఖాస్తు పెట్టేముందు చేయాల్సిన పని ఒకటుంది: ఆ మూడోవాడు మనవాడు కాడని నిరూపించే కాగితం ఏదైనా ఉందా అని వెతకడం. 1906 పిల్లాడు 1911 కెనడా జనగణనలో వేరే జిల్లాలో, వేరే రైతు దగ్గర దొరికేవాడు. అరగంట పని. నేను చేయలేదు. ఇప్పుడు ఏ కేసులోనైనా ఫీజు కట్టించేముందు ఆ అరగంట తప్పకుండా కూర్చుంటాను.

ఆ లోపు ఆవిడ డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నారు. తెలిసిన చుట్టాలు పోగా, ఇంగ్లండ్‌లో ఒకావిడ 212 సెంటీమోర్గాన్ల దగ్గర కలిసింది (ఇద్దరి డీఎన్‌ఏ ఎంత మేర కలిసిందో చెప్పే కొలత అది). అంత కలిస్తే తాత తోబుట్టువుల మనవరాలు కావచ్చు, ఇంకో రెండు మూడు రకాల చుట్టరికాలూ కావచ్చు. అంకె దారి ఎటో చెబుతుంది, ఇల్లు చూపించదు. ఆ ఇంగ్లండ్ ఆవిడ పేజీలో వంశవృక్షం లేదు. మెసేజ్ పెడితే జవాబు రాలేదు.

సైన్యం ఫైలు

మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా దళంలో పనిచేసిన ఆరు లక్షల మందికి పైగా సిబ్బంది ఫైళ్లని స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. ఆ పని 2018లో పూర్తయింది. చాలామంది చేరిన రోజు నింపిన మొదటి కాగితం ఒక్కటి చూసి ఊరుకుంటారు. ఆవిడా అదే చేశారు, ఆ ఒక్క కాగితం ప్రింటే ఫైల్లో ఉంది. ఈసారి మొత్తం ఫైలు దించుకుని, ఒక శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కో పేజీ చదివాను.

మొదటి కాగితంలో దగ్గరి బంధువు ఎవరంటే పొలం యజమాని భార్య పేరు, చుట్టరికం దగ్గర 'స్నేహితురాలు'. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, చస్తే ఎవరికి కబురు చెయ్యాలంటే చెప్పగలిగిన పేరు అది. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. గుర్తులు: ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ. మన పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాస్తారే, అలాంటిదే. పనికొస్తుందని ఆ మచ్చ సంగతి నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

తర్వాత జీతం కార్డు. ప్రైవేట్ సిపాయికి రోజుకి ఒక డాలరు పది సెంట్లు. అందులోంచి కొంత ఇంటికి పంపే ఏర్పాటు ఉండేది. 1917 ఫిబ్రవరి దాకా ఆ గడి ఖాళీ. ఆ నెలలో వేరే సిరాతో నెలకి 15 డాలర్లు అని రాసి ఉంది, అంటే జీతంలో దాదాపు సగం. ఎవరికి? 'తల్లి, మిసెస్ హాకిన్స్', కింద తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్ చిరునామా. ఇంకో కాగితంలో దగ్గరి బంధువు గడిలో పొలం యజమానురాలి పేరు ఎర్రసిరాతో కొట్టేసి ఇదే పేరు రాశారు. జనవరి చివర్లో పది రోజులు సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లినట్టు మరో పేజీలో ఉంది.

అనాథ అనుకున్న మనిషికి అమ్మ ఉంది. ఇరవయ్యేళ్ల వయసులో, యుద్ధం మధ్యలో దొరికిన సెలవులో వెళ్లి వెతుక్కున్నాడు.

ఆ పేజీ మీద నేను ఇంకో తప్పు చేశాను. కొడుకు ఆట్కిన్స్, తల్లి హాకిన్స్. అంటే భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటుందని తేల్చేశాను. అదే సహజంగా తోచే వివరణ. ఆరు వారాల పాటు ఇంగ్లండ్ వివాహ సూచికల్లో హాకిన్స్ అనే మగవాణ్ణి పెళ్లాడిన ఆట్కిన్స్ విధవ కోసం వెతికాను. దొరకలేదు. ఎక్కడా ఆనవాలు లేకపోయేసరికి నా ఊహే తప్పేమోనని అనుమానం మొదలైంది.

అమ్మమ్మ మాట

ఆ ఆదివారం అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాను. తమ్ముడి కొడుక్కి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని చెబుతూ, "మీ అమ్మమ్మ ఉంటే ఐద్రాబాద్ అంత దూరమా అని గోల చేసేది" అంది. అమ్మమ్మ ఎప్పుడూ ఐద్రాబాద్ అనే అనేది. హనుమంతరావు మావయ్యని అనుమంతు అని పిలిచేది. హోటలుని ఓటలు అనేది. 'హ' ఆవిడ నోట్లో నిలిచేది కాదు.

ఫోన్ పెట్టేశాక కాగితం మీద హాకిన్స్ అని రాసి, అమ్మమ్మలా పైకి చదివాను. ఆకిన్స్. ఇంకోసారి వేగంగా చదివాను.

తూర్పు లండన్ వాడల్లో కూడా మాట మొదట్లో 'హ' పలకరు. ఇది తెలియని సంగతేమీ కాదు, ఎన్నోసార్లు చదివాను. కానీ చదివినది చెవికి ఎక్కలేదు అప్పటిదాకా. పదేళ్ల పిల్లాడు పొలంలో దిగి, పేరేంటని అడిగితే 'ఆల్ఫ్రెడ్ ఆకిన్స్' అని ఉంటాడు. ఒంటారియో రైతు చెవికి అది తనకి తెలిసిన పేరులా, ఆట్కిన్స్‌లా వినపడింది. స్కూల్లో అదే రాశారు. 1911లో గణకుడు అదే రాసుకున్నాడు. ఆ పేజీలో రైతు పిల్లలందరి పేర్లూ అయ్యాక చిట్టచివరి వరసలో ఉన్నాడు ఆల్ఫ్రెడ్. చుట్టరికం దగ్గర 'పనివాడు' అనే అర్థమొచ్చే మాట. పిల్లాడు దిద్దాలని చూశాడో లేదో, చూసినా ఎవరు వినిపించుకున్నారో తెలిపే కాగితం ఉండదు.

అయితే ఇది ఊహే. మునుపు రెండుసార్లు ఊహని నమ్మి దెబ్బతిన్నాను కాబట్టి ఈసారి పరీక్ష ముందే రాసి పెట్టుకున్నాను. నా ఊహ నిజమైతే, 1907 జాబితాల్లో దాదాపు పదేళ్ల ఆల్ఫ్రెడ్ హాకిన్స్ ఉండాలి. ఆ హాకిన్స్ 1911 కెనడా జనగణనలో ఆ పేరుతో ఎక్కడా కనిపించకూడదు. 1897 ప్రాంతంలో బెత్నల్ గ్రీన్ జనన సూచికలో అతను ఉండాలి. చేతి మీద మచ్చ ఉండాలి. వీటిలో ఏది తప్పినా ఊహని వదిలేస్తానని పక్కనే రాసుకున్నాను.

ఒట్టావా సూచికలో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి ఆల్ఫ్రెడ్, 1907 అని మాత్రమే వెతికాను. ఇంటిపేరు పెడితే నాకు కావలసింది నేనే చూస్తానేమోనని భయం. చాలామంది ఆల్ఫ్రెడ్‌లు వచ్చారు. వయసు చూసి ఒక్కొక్కరినీ కొట్టేస్తూ పోతే పదేళ్ల హాకిన్స్ ఒక్కడే మిగిలాడు. ఓడ దిగిన తర్వాత కెనడా కాగితాల్లో ఆ పేరుతో అతని జాడ లేదు. ఇంగ్లండ్‌లో జననాలు 1837 నుంచి నమోదవుతున్నాయి, అక్కడి ఆన్‌లైన్ సూచికలో తల్లి పుట్టింటి పేరు కూడా కనిపిస్తుంది. 1897 మొదటి మూడు నెలల్లో బెత్నల్ గ్రీన్ ఆల్ఫ్రెడ్ హాకిన్స్ ఒక్కడే. ధృవపత్రం తెప్పిస్తే పుట్టింది జనవరిలో. తండ్రి కుర్చీలు చేసే వడ్రంగి.

అప్పుడే, ఆవిడ అనుమతితో, అతణ్ణి పంపిన సంస్థకి రాశాం. ఇది మొదటిసారి రాసిన సంస్థ కాదు, వేరేది.

ఫైలు పదకొండు వారాలకి వచ్చింది. చేర్చుకున్న రోజు తీసిన ఫోటో ఉంది: కత్తిరించిన జుట్టు, పెద్ద కాలరు, తిన్నగా కెమెరాలోకి చూస్తున్న పిల్లాడు. గుర్తులు: ఎడమ ముంజేతి మీద వేడినీళ్లు పడిన మచ్చ. చేర్చిన కారణం: తండ్రి క్షయతో పోయాడు, తల్లి ఇంట్లోనే అగ్గిపెట్టెలు అతికించి బతుకుతోంది, ముగ్గురు పిల్లలు, అద్దె బాకీ. ఆమె పెట్టిన సంతకం కింద కెనడాకి పంపడానికి ఒప్పుకున్నట్టు అచ్చువేసిన షరతు ఒకటి. చదివి పెట్టిందో, చదవకుండా పెట్టిందో. తర్వాతి కాగితం, ఓడ బయల్దేరాక తల్లికి పంపిన తెలియజేత నకలు. చివర ఆమె రాసిన ఉత్తరం: మా అబ్బాయి ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పగలరా. దాని మీద సంస్థ గుమాస్తా తేదీ వేసి 'ఫైలు చేయవలెను' అనే అర్థంలో రెండు మాటలు రాశాడు.

నన్ను ఇంకా వదలని కాగితం మాత్రం వేరే. 1911 ఇంగ్లండ్ జనగణన ఫారం ఇంటివాళ్లే చేత్తో నింపేవారు. అందులో పెళ్లైన ఆడవాళ్లని ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని అడిగారు. విధవలు ఆ గడి నింపనక్కర్లేదు. మిసెస్ హాకిన్స్ నింపింది. పుట్టినవాళ్లు 5, బతికున్నవాళ్లు 3, పోయినవాళ్లు 2. ఆఫీసులో ఎవరో నిబంధన ప్రకారం ఆ మూడు అంకెలూ అడ్డంగా కొట్టేశారు, కానీ గీత కింద స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరే: ఎలెన్, 16. డొరొతీ, 6. మూడోవాడు ఎక్కడున్నాడో ఆమెకి తెలీదు. అయినా లెక్కలో ఉంచింది.

ఎలా చెప్పాలి

కాగితాలు దొరకడంతో కేసు అయిపోదు. ఆవిడ పిన్నికి, అంటే ఆల్ఫ్రెడ్ కూతురికి, తొంభై ఒకటి. తండ్రి అనాథ అనే నమ్మకంతో బతికిన మనిషి. తల్లి సంతకం పెట్టి ఇచ్చేసిందన్న మాటతో మొదలుపెడితే ఆమె మనసులో అదే మిగిలిపోతుంది. ఆవిడా నేనూ కూర్చుని వరస ఆలోచించాం. ముందు 1917 జీతం కార్డు. అంటే కొడుకు వెళ్లి అమ్మని వెతుక్కున్నాడు. తర్వాత 1911 ఫారం. అమ్మ కొడుకుని మర్చిపోలేదు. ఆ తర్వాతే, ఆమె అడిగితే, సంస్థ ఫైలు. దేన్నీ దాచొద్దు, దేన్నీ తోసేయొద్దు అనుకున్నాం.

ఈలోపు ఇంగ్లండ్‌లో డీఎన్‌ఏ కలిసినావిడకి మళ్లీ రాశాం. ఈసారి ప్రశ్న అడగలేదు, ఒక్క వాక్యం చెప్పాం: మా తాతయ్య బెత్నల్ గ్రీన్‌లో పుట్టిన ఆల్ఫ్రెడ్ హాకిన్స్, అతని అక్క ఎలెన్. రెండు రోజుల్లో జవాబొచ్చింది. ఆవిడ ఎలెన్ మనవరాలు. వాళ్లింట్లో కెనడా సిపాయి దుస్తుల్లో ఎవరిదో ఫోటో ఉందట, మేపుల్ ఆకు బ్యాడ్జీలతో. వెనక పెన్సిల్‌తో 'మా ఆల్ఫ్' అని రాసి ఉంది. ఆల్ఫ్ ఎవరో వాళ్లకీ తెలీదు.

వంశవృక్షంలో ఏ పేరు ఉంచాలన్నది చివరి నిర్ణయం. ఆవిడ మొదట అన్నిచోట్లా హాకిన్స్ అని మార్చేద్దామన్నారు. నేను వద్దన్నాను. అరవయ్యేళ్లు ఆ మనిషి ఆట్కిన్స్‌గా బతికాడు, ఆ పేరుతోనే పెళ్లి చేసుకున్నాడు, రాయి మీద అదే ఉంది. ముందు హాకిన్స్, 1907 తర్వాత ఆట్కిన్స్ అని రెండూ రాసి, ఎందుకు మారిందో కాగితాలతో సహా పెట్టాం. రేపు ఇంకెవరో వెతికినా రెండు దారుల్లోనూ దొరుకుతాడు. కెనడాలో ఉన్న మన తెలుగువాళ్లకీ ఇదే చెబుతాను. ఇక్కడి కాగితాల్లో మన ఇంటిపేరు పేరైపోతుంది, నాన్న పేరు ఇంటిపేరైపోతుంది, ఒకే ఇంట్లో అన్నకో పేరు, తమ్ముడికో పేరు ఉంటుంది. ఏ ఏడాది, ఏ కాగితంలో, ఎందుకు అలా అయిందో ఒక పేజీ రాసి పెట్టండి. పాస్‌పోర్టుల పక్కనే పెట్టండి.

పిన్నిగారి దగ్గరికి నన్నూ రమ్మన్నారు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, భూతద్దం పట్టుకుని, జీతం కార్డు మీద 'తల్లి' అన్న మాటని చాలాసేపు చూసిందామె. ఏమీ అనలేదు. 1911 ఫారం చూసింది. తర్వాత రేకుడబ్బా అడిగి తీసుకుని, అందులోంచి పోస్టుకార్డు బయటికి తీసింది. నేను మొదటిరోజు పక్కన పెట్టేసిన కార్డు. అప్పుడే దాన్ని బల్లమీద ఉంచుకుని ఉంటే, ఎలెన్ పేరు ఇంగ్లిష్‌లో మొదలయ్యే 'ఈ' అనే అక్షరం, 'అమ్మ' అనే మాట నన్ను కనీసం ఆరు నెలల ముందు ఆ ఇంటికి తీసుకెళ్లేవి.

"నాన్న పోయాక దీన్ని పారేద్దామంటే అమ్మ పడనివ్వలేదు" అంది. రెండు వాక్యాలూ పైకి చదివింది. అమ్మ అలాగే ఉంది, డాట్ పనిలో చేరింది.

"డాట్ ఎవరు?" అని అడిగింది.

డొరొతీ, అన్నాను. మీ చిన్న మేనత్త. మీ నాన్న ఓడెక్కేనాటికి ఆమెకి రెండేళ్లు.